టాప్ తీసేసే సెకండ్ హ్యాండ్ జీపు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

టాప్ తీసేసి తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఏ మోడల్ తీసుకోమంటారు?" మోడల్ సంగతి తర్వాత. ముందు ఛాసిస్ బాగున్న బండి వెతకండి. రెండు మోడళ్ల మధ్య ఎటూ తేలకపోతే కింద తుప్పు తక్కువ ఉన్నదాన్నే తీసుకోండి, అది మీకు అంతగా నచ్చనిదైనా సరే. ఈ మాట వినగానే చాలామంది ఉత్సాహం సగం చచ్చిపోతుందని తెలుసు. ఫొటోల్లో కనిపించేది రంగు, లావు టైర్లు, టాప్ లేని దర్జా. బండి ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది మాత్రం ఏ ఫొటోలోనూ పడదు.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. మామూలు కారులో బాడీ, ఫ్రేమ్ కలిసి ఒకటే ముక్క. ఈ బండ్లలో రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు (ఇదే ఛాసిస్), ఆ పైన బోల్టులతో బిగించిన బాడీ. ఇంజన్ పోతే ఇంకోటి దొరుకుతుంది. గేర్‌బాక్స్, హౌసింగ్ (ఎడమ కుడి చక్రాలను కలిపే గట్టి ఇరుసు), సీట్లు, తలుపులు, చివరికి ముందు అద్దం ఫ్రేమ్ కూడా విప్పి మార్చుకోవచ్చు. ఛాసిస్ మార్చడమంటే మాత్రం బండి మొత్తం విప్పి మళ్లీ కట్టడమే. పైగా ఇవి పైనుంచి వానకు, కిందినుంచి బురదకు తడిసే బండ్లు. పైకప్పు గట్టిగా ఉన్న బండి కంటే రెండు రకాలుగా ఎక్కువ నీళ్లు తాగుతాయి.

ఇంకో మాట కూడా ముందే. ఏడాదిలో మీరు టాప్ తీసేది నాలుగైదు సార్లే అనిపిస్తే, అదే మోడల్‌లో గట్టి కప్పు ఉన్నది తీసుకోండి. చప్పుడు తక్కువ, దొంగల భయం తక్కువ, లోపల తడి తక్కువ. టాప్ తీస్తేనే ఆ బండి కొన్నట్టు అనిపించేవాళ్లకే మిగతా గొడవంతా.

కింద పడుకుని చూడాల్సినవి

ఒక పాత దుప్పటి, మంచి టార్చి, గుండు తల ఉన్న చిన్న సుత్తి, ఒక స్క్రూ డ్రైవర్. ఇవి లేకుండా బండి చూడటానికి వెళ్లొద్దు. అమ్మే మనిషికి ముందే ఫోన్‌లో చెప్పండి, "కింద దూరి చూస్తాను, సుత్తితో తడతాను" అని. దానికే ఆయన నసిగితే మీకు ప్రయాణం ఖర్చు మిగిలినట్టే.

సుత్తితో దూలం పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది. లోపలినుంచి తిన్న చోట ఆ మోత ఉండదు, అట్టపెట్టెను తట్టినట్టు డబ్బుమని ఆగిపోతుంది. ఆ తేడా ఒకసారి వింటే మళ్లీ మర్చిపోరు. అలాంటి చోట స్క్రూ డ్రైవర్ మొనతో నొక్కి చూడండి. పొరలు పొరలుగా రాలితే అది పైపై తుప్పు కాదు. ఎక్కువ బండ్లలో దూలం లోపల గుల్లగా ఉంటుంది. బురద అందులోకి వెళ్లి ఎండుతుంది, మళ్లీ తడుస్తుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. అందుకే బయట పెయింట్ నిగనిగలాడుతున్నా లోపలినుంచి పుచ్చిపోయిన బండ్లు ఉంటాయి.

మోడల్‌ని బట్టి పుచ్చే చోటు మారుతుంది. జీప్ రాంగ్లర్‌లో టీజే అనే తరమైతే వెనక చక్రాల ముందు, హౌసింగ్‌ను పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు ఛాసిస్‌కి కలిసే చోటు, మధ్యలో రాళ్ల దెబ్బలు కాచే స్కిడ్ ప్లేట్ పైభాగం. ఆ ప్లేట్ పళ్లెంలా బురదను పట్టి ఉంచుతుంది. దానికి ముందు తరమైన వైజే అయితే వెనక స్ప్రింగులు వేలాడే కొక్కేల దగ్గర. ల్యాండ్ రోవర్ డిఫెండర్ అయితే అన్నిటికంటే వెనక ఉండే అడ్డ దూలం, పక్కలకు పొడుచుకొచ్చే బ్రాకెట్లు. దాని బాడీ అల్యూమినియం కాబట్టి తుప్పు పట్టదని మురిసిపోతారు గానీ, ఛాసిస్ ఉక్కే, డ్యాష్‌బోర్డు వెనక ఉండే బల్క్‌హెడ్ గోడ కూడా ఉక్కే. కాళ్లు పెట్టే చోటు, అద్దం కింది మూలలు చూడాలి. అల్యూమినియం, ఉక్కు ఆనుకునే చోట తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడి పొడిగా రాలుతుంది. పాత సుజుకీల్లో ఛాసిస్ కంటే బాడీ ముందు పోతుంది: ఫ్లోరు, తలుపు కింది గడప, అద్దం ఫ్రేమ్.

కింద మొత్తం నల్లగా, కొత్తగా, తారు పూసినట్టు మెరుస్తుంటే అనుమానించండి. మూడేళ్ల కిందట వేసిన కోటింగ్‌కి దుమ్ము, రాళ్ల దెబ్బలు ఉంటాయి. అమ్మకానికి పెట్టే వారం ముందు వేసినదానికి ఉండవు. కింద సహజంగా కాస్త గోధుమ రంగు తుప్పుతో, దుమ్ముతో ఉన్న బండినే నేను ఎక్కువ నమ్ముతాను. కనీసం అది ఏదీ దాచడం లేదు.

ఛాసిస్ మీద చెక్కిన నంబరు కాగితాల్లో ఉన్నదానితో అంకె అంకె సరిచూడండి. డిఫెండర్లలో జింక్ పూత పూసిన కొత్త ఛాసిస్ వేయించుకోవడం మామూలే, అది మంచిదే కూడా, కానీ ఆ మార్పు కాగితాల్లోకి ఎక్కిందో లేదో చూడాలి. వేరే ఇంజన్, ఎత్తు పెంచిన సస్పెన్షన్ ఉంటే అవి మీరుండే చోట రిజిస్ట్రేషన్‌కి, ఇన్సూరెన్స్‌కి చెల్లుతాయో లేదో కొనకముందే అడిగి తెలుసుకోండి.

మూడు కుటుంబాలు

మార్కెట్లో దొరికే పేర్లు చాలా ఉన్నా, నడిపేటప్పుడు మీకు తెలిసే తేడా సస్పెన్షన్‌తో వస్తుంది. దాన్ని బట్టి ఇవి మూడు కుటుంబాలు.

మొదటిది లీఫ్ స్ప్రింగుల కుటుంబం, అంటే కమాన్ పట్టీల మీద నడిచేవి. సుజుకీ సమురాయ్, దాని దగ్గరి బంధువు మారుతి జిప్సీ, 1987 నుంచి 1995 మోడల్ దాకా వచ్చిన చదరపు లైట్ల జీప్ రాంగ్లర్ వైజే. రోడ్డు మీద ఎగరేస్తాయి, ఆ విషయంలో మొహమాటం అక్కర్లేదు. కానీ చెడిపోవడానికి వీటిలో పెద్దగా ఏమీ ఉండదు. సమురాయ్ బరువు సుమారు ఒక టన్ను లోపే. ఇసుకలో, మెత్తటి బురదలో ఆ తేలికతనం చేసే పని పెద్ద ఇంజన్లు కూడా చేయలేవు. 1.3 లీటర్ల ఇంజన్‌కి హైవే మీద ఊపిరి ఆడదు. ఎదురుగాలి ఉంటే మరీ. సన్నగా ఎత్తుగా ఉండే బండి కాబట్టి మలుపుల్లో వేగం తగ్గించాలి. వాలు మీద అడ్డంగా వెళ్లకూడదు.

సమురాయ్, జిప్సీ చూసేటప్పుడు ముందు చక్రాల వెనక గుండ్రని బంతిలాంటి భాగం దగ్గర గ్రీజు, ఆయిల్ కలిసి కారుతున్నాయేమో చూడండి. అక్కడి సీళ్లు, కింగ్ పిన్ బేరింగులు అరిగితే స్టీరింగ్ వణుకుతుంది. బాగు చేయించుకోగలిగిన పనే, బేరం తగ్గించుకోవడానికి మంచి సాకు.

వైజేల్లో ఒక ముఖ్యమైన గీత ఉంది. 1990 దాకా ఆరు సిలిండర్లవి 4.2 లీటర్ల కార్బురేటర్ ఇంజన్‌తో వచ్చాయి. 1991 నుంచి 4.0 లీటర్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్. తేడా పగలు రాత్రి. 1989కి ముందు ఆరు సిలిండర్ల మాన్యువల్ బండ్లలో ఉండే ప్యూజో గేర్‌బాక్స్ బలహీనమైనదని పేరు పడింది. ఆ తర్వాత వచ్చిన ఐసిన్ గేర్‌బాక్స్ గట్టిది. కాబట్టి వైజే కావాలంటే 1991 లేదా ఆ తర్వాతదే చూడండి.

రెండోది కాయిల్ స్ప్రింగులు, రెండు వైపులా గట్టి హౌసింగులు ఉన్న కుటుంబం. రాంగ్లర్ టీజే (1997 నుంచి 2006), జేకే (2007 నుంచి 2018), జేఎల్ (2018 నుంచి), ల్యాండ్ రోవర్ డిఫెండర్ 90, 1998లో మొదలైన మూడో తరం సుజుకీ జిమ్నీలో సాఫ్ట్ టాప్ రకం. గతుకుల్లో చక్రం నేలను వదలదు, రోడ్డు మీద కూడా ఓర్చుకోవచ్చు. ఎక్కువమందికి సరిపోయేది ఈ కుటుంబమే. కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

టీజేలో 4.0 ఇంజన్ మొండిది. ఆయిల్ మార్చుకుంటూ పోతే మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినవి అరుదేమీ కాదు. వెనక సీల్ దగ్గర కాస్త ఆయిల్ చెమర్చడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. కానీ 2000, 2001 మోడళ్లలో కొన్నిటికి 0331 అనే అంకె పోతపోసిన సిలిండర్ హెడ్ ఉంటుంది. అది మధ్యలో పగిలి కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మూత తీసి చూడండి, పాల మీగడ రంగులో నురగ ఉంటే అక్కడితో సరి. 2005, 2006 బండ్లలో ఆయిల్ పంపును నడిపే చిన్న షాఫ్ట్ అరిగి కీచుమనే చప్పుడు వస్తుంది. పట్టించుకోకపోతే క్యామ్ షాఫ్ట్ గేరు పోతుంది. నాలుగు సిలిండర్ల టీజేలు చవగ్గా దొరుకుతాయి, అవి సాదా దారులకు చాలు, పెద్ద టైర్లు వేస్తే మాత్రం లాగలేవు. 2003లో వచ్చిన రూబికాన్ రకంలో రెండు హౌసింగులూ గట్టివి, రెండిట్లోనూ ఫ్యాక్టరీ లాకర్లు (ఎడమ కుడి చక్రాలు కలిసే తిరిగేలా బిగించేవి), 4:1 లో రేంజ్ (మెల్లగా, బలంగా లాగే అదనపు గేరు). దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టడం బండరాళ్లు ఎక్కేవాళ్లకు న్యాయమే. చెరువు గట్టు మీద తిరిగేవాళ్లకు అక్కర్లేదు.

జేకేలో సంవత్సరమే అన్నీ తేలుస్తుంది. 2011 దాకా పెట్రోల్‌లో 3.8 లీటర్ల ఇంజన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. బరువైన నాలుగు తలుపుల బండిని అది లాగలేక ఆయాసపడుతుంది, కొన్ని ఆయిల్ కూడా తాగుతాయి. డిప్ స్టిక్ తీసి చూడకుండా వాటిని కొనొద్దు. 2012 నుంచి 3.6 లీటర్ల పెంటాస్టార్ ఇంజన్, ఐదు గేర్ల ఆటోమేటిక్. ఇది వేరే బండేమో అన్నంత తేడా. 2012, 2013 ఇంజన్లలో ఎడమవైపు సిలిండర్ హెడ్ సమస్య వచ్చింది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి టిక్ టిక్ శబ్దం వినండి. ఇంజన్ మధ్యలో ప్లాస్టిక్ ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర కారుతుందేమో టార్చి వేసి చూడండి. కుటుంబంతో తిరిగేవాళ్లకు నాలుగు తలుపులున్న, టాప్ కూడా తీసేయగల బండ్లలో ఇదే తేలిగ్గా దొరుకుతుంది. జేఎల్ ఇంకా హాయిగా ఉంటుంది, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది, ముందు అద్దం పడుకోబెట్టడం కూడా చాలా తేలిక. దాని ఇబ్బంది ఒక్కటే, సెకండ్ హ్యాండ్‌లో కూడా కొత్త బండిలాగే అడుగుతారు.

డిఫెండర్ గురించి మాట్లాడితే నిష్పక్షపాతంగా ఉండటం కష్టం. 2016 జనవరిలో పాత డిఫెండర్ తయారీ ఆగిపోయింది, అప్పట్నుంచి దాని ధరకు, దాని పనితనానికి సంబంధం తెగిపోయింది. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుంది, మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు), దానికి లాక్ ఉంటాయి, వానలో రోడ్డు మీద మిగతావాటికంటే ధీమాగా ఉంటుంది. 300టీడీఐ ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. 1998 నుంచి 2006 దాకా వచ్చిన టీడీ5 డీజిల్ ఇంజన్‌కి ఒక చిత్రమైన పరీక్ష ఉంది. ఇంజెక్టర్ల వైరింగ్ రాకర్ కవర్ లోపల ఆయిల్‌లో తడుస్తుంది, ఆ ఆయిల్ వైరు లోపలే పాక్కుంటూ ఇంజన్ కంప్యూటర్ దాకా పోతుంది. కంప్యూటర్‌కి వచ్చే ఎర్ర ప్లగ్ పీకి టిష్యూ పేపరుతో అద్దండి. ఆయిల్ అంటితే ఆ వైరింగ్ మార్చాలి. ప్లగ్ శుభ్రం చేసి అమ్మేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి మార్చినట్టు బిల్లుంటేనే నమ్మండి. వారాంతం స్పానర్ పట్టుకుని గడపడం మీకు సరదా అయితే డిఫెండర్ తీసుకోండి. లేకపోతే వేరేవాళ్ల డిఫెండర్‌లో ఎక్కి తిరగండి.

జిమ్నీ మూడో తరం సాఫ్ట్ టాప్ దొరికితే మంచి బేరం. చిన్నది, పొదుపైనది, దారుల్లో దిట్ట. గాలి పీల్చి పనిచేసే ముందు హబ్‌లు (చక్రాన్ని షాఫ్ట్‌తో కలిపేవి) ఒక్కోసారి లాక్ కావు, ఫోర్ వీల్ లైటు వెలుగుతుంది గానీ ముందు చక్రాలు లాగవు. లైటును నమ్మొద్దు, చక్రాన్ని చూడండి. 2018లో వచ్చిన నాలుగో తరానికి ఫ్యాక్టరీ నుంచి టాప్ లేపే రకం రాలేదు, కాబట్టి అలా కనిపిస్తే ఎవరో కోసి చేసినదే. కోసిన బండి నాకైతే వద్దు.

మూడోది ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న కుటుంబం. 1988లో మొదలైన సుజుకీ విటారా, మహీంద్రా థార్, 2021లో తిరిగొచ్చిన ఫోర్డ్ బ్రాంకో. థార్‌లో 2020లో వచ్చిన కొత్త తరం పాతదానికంటే చాలా నాగరికమైంది: వెనక కమాన్ పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, సాఫ్ట్ టాప్ ఎంపికతో కూడా వచ్చింది. రోడ్డు మీద ఈ కుటుంబమే మెరుగు, స్టీరింగ్ సూటిగా ఉంటుంది. పెద్ద గుంటల్లో చక్రం గాల్లో లేచే అవకాశం ఎక్కువ. విటారాను ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అది మొరటుగా కనిపించదు. నిజానికి దానికి ఛాసిస్ ఉంది, లో రేంజ్ ఉంది, రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చు. రోజువారీ వాడకం ఎక్కువ, అడవి దారి అప్పుడప్పుడే అనేవాళ్లకు తక్కువ డబ్బులో అదే నా మొదటి ఓటు.

ఈ మూడో కుటుంబంలో ఒక చిన్న ఉచ్చు ఉంది. విటారా బంధువుల్లో, థార్‌లో కూడా రెండు చక్రాలకే శక్తి వెళ్లే రకాలున్నాయి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గేరు పక్కన రెండో లివర్ ఉందా, ముందు హౌసింగ్ వైపు వెళ్లే షాఫ్ట్ ఉందా అని కళ్లతో చూసుకోండి.

టాప్ సంగతి

గుడ్డ టాప్‌ను మీరే విప్పి, మీరే మళ్లీ వేయండి. అమ్మే ఆయన చేసి చూపించడం కాదు. జిప్పులు పళ్లు ఊడి ఉంటాయి, ప్లాస్టిక్ కిటికీలు పచ్చబడి బిరుసెక్కి ఉంటాయి, ఇనప కమ్మీలు వంగి ఉంటాయి. తలుపు చుట్టూ గుడ్డను పట్టి ఉంచే పట్టీలు మాయమైపోయి ఉంటాయి. గుడ్డ చిరిగితే కొత్తది దొరుకుతుంది. కమ్మీలు, పట్టీలు, లాకులు లేకపోతే ఆ కొత్త గుడ్డను దేనికీ తగిలించలేరు, విడిగా వెతికితే అవే ఎక్కువ ఏడిపిస్తాయి.

గట్టి టాప్ కూడా ఉంటే ముందు మీకు పెట్టే చోటుందా అని ఆలోచించండి. వైజే, టీజే గట్టి టాప్ ఒకే ముక్క, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. జేకే, జేఎల్‌లలో డ్రైవర్ తల మీది రెండు పలకలు ఒక్కరే తీసేయవచ్చు. నా లెక్కలో రోజూ వాడే బండికి ఇదే సరైన రాజీ. రెండు టాప్‌లతో వచ్చే బండికి కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు, విడిగా కొంటే ఎప్పుడూ ఎక్కువే అవుతుంది.

వాన పడిన మర్నాడు బండి చూడటానికి వెళ్లగలిగితే అంతకంటే అదృష్టం లేదు. కార్పెట్ ఎత్తి అరచేయి పెట్టి చూడండి. సీటు బోల్టుల తలలు తుప్పు పట్టాయా? సీటు బెల్టును చివరిదాకా లాగండి. రోజూ బయటికొచ్చే భాగం శుభ్రంగానే ఉంటుంది, చుట్టలో దాగే ఆఖరి మూర దగ్గర బూజు మచ్చలు గానీ, సన్నటి బురద గీత గానీ ఉంటే ఆ బండి లోపల నీళ్లు నిలిచాయి. కడిగేటప్పుడు అక్కడిదాకా ఎవరూ కడగరు. వాసన చూడటం కూడా పరీక్షే. లోపల గుప్పున అగరొత్తో, సెంటో కొడితే అది దేన్ని కప్పడానికో కనుక్కోండి.

గుడ్డ టాప్ బండికి తాళం వేయడమంటే మర్యాద కోసమే. చాకు ఉన్నవాడికి అది అడ్డు కాదు. తాళం పడే కన్సోల్, డ్యాష్ అర పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. వెనక ఎదురెదురు సీట్లున్న పాత బండ్లలో బెల్టులు సరిగా ఉండవు, పిల్లల్ని ఎక్కించుకోవాలంటే వాటిని లెక్కలోంచి తీసేయండి. రోల్ బార్ (బండి తిరగబడితే తలలు కాచే పైపు చట్రం) అని పేరుంటే చాలదు, కొన్ని అందానికి పెట్టిన పైపులే. ఛాసిస్‌కో, గట్టి బ్రాకెట్లకో బిగించి ఉందా, ఫ్లోరు రేకుకి మాత్రమే బోల్టు వేశారా చూడండి.

నాలుగు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయా

వాడకపోవడం వల్ల పాడైపోయే భాగం ఇది. ఏళ్ల తరబడి రోడ్డు మీదే తిరిగిన బండిలో లివర్ బిగుసుకుపోయి ఉంటుంది. మట్టి లేదా కంకర నేల ఉన్న చోట పరీక్షించండి. డిఫెండర్‌లా ఎప్పుడూ ఫోర్ వీల్‌లో ఉండేవి తప్ప మిగతావాటిని ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో మలపకూడదు. ముందు, వెనక చక్రాలు మలుపులో వేర్వేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడా పోవడానికి దారి లేక షాఫ్టుల్లో బిగువు చేరుతుంది. అమ్మే ఆయనే తారు రోడ్డు మీద వేసి గుండ్రంగా తిప్పి చూపిస్తే, ఆయన ఇన్నాళ్లూ అలాగే వాడాడని అర్థం.

లో రేంజ్‌లో వేసి ఒక వాలు ఎక్కించండి, దింపండి. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తే లివర్ తనంతట తానే బయటికి తన్నేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) అరిగిపోయింది. తర్వాత రెండు డిఫరెన్షియల్ ప్లగ్గులూ విప్పించి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. హౌసింగ్‌కి గాలి ఆడే సన్నటి గొట్టం ఊడిపోయి ఉంటే ఆ నీళ్లు ఎలా వచ్చాయో తెలిసిపోతుంది.

స్టీరింగ్ వణుకు

గట్టి ముందు హౌసింగ్ ఉన్న జీపుల్లో ఒక జబ్బు ఉంది. వేగంగా వెళ్తూ చిన్న గుంతలో పడగానే ముందు చక్రాలు అటూ ఇటూ విపరీతంగా ఊగడం మొదలవుతుంది, వేగం బాగా తగ్గించేదాకా ఆగదు. మొదటిసారి చూసినవాళ్లకు చెమటలు పడతాయి. దీనికి ఒకే కారణం ఉండదు: ట్రాక్ బార్ (ముందు హౌసింగ్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బోల్టు వదులు, అరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు, బ్యాలెన్స్ తప్పిన పెద్ద టైర్లు. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (వణుకు అణిచే షాక్) వేస్తే కొన్నాళ్లు అణిగి ఉంటుంది, అంతే. పాత బండికి డ్యాంపర్ ఒక్కటే తళతళలాడుతుంటే టెస్ట్ డ్రైవ్‌లో జాగ్రత్త.

పరీక్ష తేలిక. ఇంజన్ ఆన్‌లో పెట్టి, చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్ది కొద్దిగా కుడి ఎడమలకు ఆడిస్తుంటే మీరు ముందు వంగి ట్రాక్ బార్ రెండు చివరలూ చూడండి. బార్‌కీ బ్రాకెట్‌కీ మధ్య వెంట్రుకంత కదలిక కనిపించినా, టక్కుమన్నా అక్కడ పని ఉంది.

మార్పులు చేసిన బండి

లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), 35 అంగుళాల టైర్లు, విన్చి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), లైట్ల వరస. అమ్మే ఆయన ఆ ఖర్చంతా ధరలో కలుపుతాడు. నేనైతే తీసేస్తాను. ఎవరైనా అంత ఖర్చు పెట్టారంటే అంత గట్టిగా వాడారని కూడా అర్థం. రెండు అంగుళాల ఎత్తు, ఒక సైజు పెద్ద టైర్లు, మంచి షాకులు, ఇంతవరకు ఫర్వాలేదు. నాలుగు అంగుళాలు ఎత్తి షాఫ్టుల కోణం సరిచేయకపోతే పొట్టి రాంగ్లర్‌లో వెనక షాఫ్ట్ వణుకుతుంది. వైజే, టీజేల్లో చాలావాటికి వెనక డానా 35 హౌసింగ్ ఉంటుంది, దాని వెనక మూత కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. గట్టిదైన డానా 44 మూతకు పక్కలు కోణాలుగా ఉంటాయి. గుడ్డు ఆకారం మూతా, 35 అంగుళాల టైర్లూ ఒకే బండి మీద కనిపిస్తే, యాక్సిల్ విరగడం ఎప్పుడన్నదే ప్రశ్న.

ఇంకోటి చాలామంది ఆలోచించరు. పెద్ద టైరు ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. 29 అంగుళాల టైర్లకు లెక్క కట్టిన మీటరు, 33 అంగుళాలు వేశాక సుమారు 12 శాతం తక్కువ చూపిస్తుంది. లక్ష కిలోమీటర్లు అని ఉంటే బండి తిరిగింది లక్షా పద్నాలుగు వేలు. వేగం కూడా అంతే, మీటర్లో 80 అంటే రోడ్డు మీద 91.

టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఈ బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి పళ్లు నిండుగా ఉండి రబ్బరు మాత్రం ఎండిపోయి పగుళ్లిచ్చిన టైర్లు మామూలే. స్టెప్నీ కూడా అదే సైజుదేనా చూడండి. వేరే సైజు స్టెప్నీ వేసి ఫోర్ వీల్‌లో నడిపితే డిఫరెన్షియల్ తింటుంది. అదనంగా వేసిన లైట్లకు వైర్లు ఎలా లాగారో బానెట్ ఎత్తి ఒక్కసారి చూస్తే చాలు. ఫ్యూజులు, రిలేలు లేకుండా టేపు చుట్టిన వైర్లు బ్యాటరీకి నేరుగా కట్టి ఉంటే, మిగతా మార్పులూ అలాగే చేసి ఉంటారు.

చివరికి ఏది

ఒక్కరే లేదా ఇద్దరు, దగ్గరి దారులు, సొంతంగా రిపేర్లు: సమురాయ్ లేదా జిప్సీ. రోజూ రోడ్డు, అప్పుడప్పుడు మట్టి: విటారా, డబ్బుంటే 2020 తర్వాతి థార్. పిల్లలతో కుటుంబం: 2012 తర్వాతి నాలుగు తలుపుల జేకే, 2014 తర్వాతదైతే ఇంకా నిశ్చింత. బండరాళ్లు, లాకర్లు, అదే పిచ్చి అయితే రూబికాన్. అన్నీ కొంచెం కొంచెం కావాలి, ఒక్కటే చెప్పండి అంటే మార్పులు చేయని 4.0 టీజే, మాన్యువల్ గేర్లతో. దానికి విడిభాగాల కొరత రాదు, చెడిపోయినా ఏం చెడిందో చూస్తే తెలుస్తుంది. మీరుండే చోట టీజేకి విడిభాగాలు దొరకవంటే ఆ మాట వెనక్కి తీసుకుని, మీ మెకానిక్ రోజూ చేతులు పెట్టే బండి ఏదో అడిగి అది కొనండి.

బేరానికి మంచి సమయం టాప్ వేసుకుని కూర్చునే వానలు, చలి. ఎండలు మొదలవగానే అందరికీ ఇదే బండి గుర్తొస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కి ముందు ఇంజన్ వేడి చేసి ఉంచొద్దని చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. టాప్ వేసి ఒకసారి, తీసి ఒకసారి, హైవే వేగంలో నడపండి. గుడ్డ పటపటలాడే చప్పుడులో పక్కన కూర్చున్నవాళ్లతో అరగంట మాట్లాడగలరో లేదో అక్కడే తెలిసిపోతుంది. కొన్నాక మొదటి వారంలోనే ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్పించండి. పాత ఆయిళ్లు తీసేటప్పుడు దగ్గరుండి చూడండి, ఇనప రజను వస్తే అమ్మిన ఆయనకు ఫోన్ చేసే వ్యవధి ఇంకా ఉంటుంది. ఆ తర్వాత కొన్ని నెలలు బండిని ఉన్నదున్నట్టు నడపండి. లిఫ్ట్ కిట్ గురించి అప్పుడు ఆలోచించొచ్చు.